10 మ్యాచ్‌లు, 29 గోల్స్

(జాతీయ క్రీడా దినోత్సవం సందర్భంగా 2025 ఆగస్టు 29న అనంతపురంలోని ఒక డిగ్రీ కాలేజీలో విద్యార్థినుల ముందు చేసిన ప్రసంగం. మాట్లాడింది మాట్లాడినట్టే రాసిపెట్టాం.)

అందరికీ నమస్కారం. ప్రిన్సిపాల్ మేడమ్‌కి, స్టాఫ్‌కి, పొద్దున్నే ప్రాక్టీస్ ముగించుకుని ఆ దుమ్ముతోనే వచ్చి కూచున్న ఫుట్‌బాల్ టీమ్ పాపలకి మరీ ప్రత్యేకంగా నమస్కారం. వెనక వరసలో బూట్లు విప్పుకున్నవాళ్ళు అలాగే ఉండండి, నాకేం ఇబ్బంది లేదు.

ఈ రోజు ధ్యాన్‌చంద్ పుట్టినరోజు. న్యాయంగా అయితే హాకీ గురించి చెప్పాలి. కానీ మీ పీడీ మేడమ్ ఫోన్ చేసి, "మా పిల్లల్ని నిద్రలో లేపి అడిగినా ఎంబాపే గోల్స్ లెక్క చెప్తారు, మన దేశంలో ఆడపిల్లలకి ఒక లీగ్ ఉందంటే మాత్రం ఒకరి మొహాలొకరు చూసుకుంటారు, ఆ సంగతేదో మీరే చెప్పండి" అన్నారు. సరే అన్నాను. ఇండియన్ విమెన్స్ లీగ్, ఐడబ్ల్యూఎల్ అంటాం కదా, ఈ పూట దాని రికార్డుల గురించి మాట్లాడుకుందాం.

ముందు ఒక ప్రశ్న. ఐడబ్ల్యూఎల్‌లో ఒక్క సీజన్‌లో అందరికన్నా ఎక్కువ గోల్స్ కొట్టింది ఎవరు?

(వెనక నుంచి: "బాలా దేవి!")

ఎవరమ్మా అది? లేచి నిలబడు. అందరూ చప్పట్లు కొట్టండి ఈ పాపకి. పూర్తిగా కరెక్ట్ కాదు గానీ బాగా దగ్గరికొచ్చావు. బాలా దేవి 2018-19లో మణిపూర్ పోలీస్ జట్టుకి ఆడి 26 గోల్స్ కొట్టింది. అప్పటికి అదే రికార్డు. 2022-23లో నేపాల్ అమ్మాయి సబిత్రా భండారీ దాన్ని దాటేసింది. సాంబా అని ముద్దుపేరు. గోకులం కేరళ జట్టుకి ఆడుతూ 29 గోల్స్. ఆ ఏడు గోకులం ఆడినవి గ్రూపులో 7 మ్యాచ్‌లు, ఆ తర్వాత క్వార్టర్స్, సెమీస్, ఫైనల్. మొత్తం 10. పది మ్యాచ్‌లకి 29 గోల్స్!

వింటే ఒళ్ళు పులకరిస్తుంది. ఇప్పుడు దీని పక్కన ఇంగ్లండ్ లెక్క పెట్టి చూద్దాం. అక్కడి విమెన్స్ సూపర్ లీగ్‌లో ఒక సీజన్ రికార్డు 22 గోల్స్. 2018-19లో ఆర్సెనల్ జట్టులో ఆడిన నెదర్లాండ్స్ అమ్మాయి వివియన్ మిడెమా కొట్టింది. 2022-23లో ఆస్టన్ విల్లా అమ్మాయి రేచల్ డేలీ సమానం చేసింది. మిడెమా కొట్టినప్పుడు సీజన్‌కి 20 మ్యాచ్‌లు, డేలీ కొట్టినప్పుడు 22. అమెరికా లీగ్‌లో రికార్డు టెమ్వా చవింగాది. ఆఫ్రికాలో మలావి అనే చిన్న దేశం నుంచి వచ్చిన పిల్ల. కిందటేడాది, అంటే 2024లో, కాన్సస్ సిటీకి ఆడి 26 మ్యాచ్‌ల సీజన్‌లో 20 గోల్స్ కొట్టింది.

మరి మన దగ్గర 10 మ్యాచ్‌లకే 29. అంటే మన లీగ్ ఇంగ్లండ్‌ని, అమెరికాని మించిపోయినట్టేనా?

(నవ్వులు)

నవ్వుతున్నారంటే జవాబు మీకే తెలుసు. సబిత్రా గొప్ప స్ట్రైకర్, అందులో అనుమానం లేదు. తర్వాత ఫ్రాన్స్ లీగ్‌కి పోయి ఆడింది, అక్కణ్ణుంచి న్యూజిలాండ్ పోయింది. కానీ మన అనంతపురంలో "మా మామ ఈసారి నలభై మూటల చెనిక్కాయ పండించాడు" అని ఎవరైనా అంటే మనం ముందు ఏమడుగుతాం? ఎన్నెకరాల్లో, బోరు కిందా, వర్షాధారమా అని అడుగుతాం. గోల్స్ లెక్క చెప్పినప్పుడు కూడా అలాగే అడగాలి. ఎన్ని మ్యాచ్‌లు? ఎవరి మీద? ఎన్ని రోజుల్లో?

నేను ఇవాళ చెప్పదల్చుకున్నది ఇదొక్కటే, మిగతావన్నీ దీని చుట్టూ తిరిగేవే. మన లీగ్ రికార్డుల్లో గోల్స్ గడి కన్నా మ్యాచ్‌ల గడి ముందు చూడాలి. అసలు కథంతా అక్కడే ఉంది.

మొదటి నుంచీ చూద్దాం. మగవాళ్ళకి నేషనల్ ఫుట్‌బాల్ లీగ్ 1996లో వచ్చింది. ఆడవాళ్ళ లీగ్ 2017 జనవరిలో మొదలైంది. ఇరవై ఏళ్ళ తేడా. అంతకుముందు మన అమ్మాయిలు ఆడలేదా అంటే, ఆడారు. 1975లోనే లక్నోలో జాతీయ పోటీలు జరిగాయి. కాలికట్‌లో జరిగిన ఆసియా చాంపియన్‌షిప్‌లో మన జట్టు రన్నరప్. 1983లో మళ్ళీ రన్నరప్. ఆ ఏడాదే శాంతి మల్లిక్‌కి అర్జున అవార్డు ఇచ్చారు, ఫుట్‌బాల్లో ఆడవాళ్ళకి అదే మొదటిది. ఆసియాలో రెండో స్థానం దాకా పోయిన జట్టుకి సొంత దేశంలో ఒక లీగ్ పెట్టడానికి ఇంకో ముప్పై నాలుగేళ్ళు పట్టింది. దాని గురించి నేను మొదలుపెడితే ఈ పూటంతా తిట్లే అవుతాయి, కాబట్టి ముందుకు పోదాం.

తొలి సీజన్ ఢిల్లీలో. జట్లు ఆరు. మణిపూర్ నుంచి ఈస్టర్న్ స్పోర్టింగ్ యూనియన్, ఒడిశా నుంచి రైజింగ్ స్టూడెంట్స్ క్లబ్, మిజోరం నుంచి ఐజాల్, జెప్పియార్, పుణె సిటీ, ఇంకా హర్యానా నుంచి అలఖ్‌పురా. ఈ అలఖ్‌పురా గురించి ఒక్క ముక్క చెప్పాలి. అది భివానీ జిల్లాలో ఒక ఊరు. నగరం కాదు, పట్నం కూడా కాదు. సర్కారు బడిలో ఆడపిల్లలకి బంతి ఇచ్చి ఆడిస్తే, ఆ ఊరి పేరుతోనే ఒక క్లబ్బు పుట్టి జాతీయ లీగ్ తొలి సీజన్‌లో నిలబడింది. మన బత్తలపల్లి పేరుతోనో రాయదుర్గం పేరుతోనో ఒక జట్టు ఢిల్లీలో దిగిందనుకోండి, అట్లా.

ఆ సీజన్ మొత్తం మూడు వారాలు కూడా లేదు. జనవరి 28న మొదలై ఫిబ్రవరి 14న ముగిసిపోయింది. ఒక్కో జట్టుకి 5 లీగ్ మ్యాచ్‌లు. ఆ తర్వాత సెమీస్, అక్కడ ఓడితే ఇక ఇంటికే. ఫైనల్లో ఈస్టర్న్ స్పోర్టింగ్ 3-0తో రైజింగ్ స్టూడెంట్స్‌ని ఓడించింది. ఆ గెలిచిన జట్టులో యుమ్నం కమలా దేవి 12 గోల్స్‌తో టాప్ స్కోరర్. జట్టుని నడిపించింది బెంబెం దేవి. అప్పటికి ఆమెకి ముప్పై ఆరేళ్ళు, పదిహేనేళ్ళ వయసు నుంచే దేశానికి ఆడుతోంది. అంతటి క్రీడాకారిణికి మొదటి జాతీయ లీగ్ మ్యాచ్ ముప్పై ఆరేళ్ళకి దొరికింది! అదే ఏడు అర్జున, తర్వాత 2020లో పద్మశ్రీ. పద్మశ్రీ అందుకున్న మొదటి మహిళా ఫుట్‌బాలర్ ఆమే. ఆవిడకి ఇరవై ఏళ్ళప్పుడే లీగ్ ఉండి ఉంటే ఎన్ని గోల్స్ కొట్టేదో, ఏ రికార్డులు ఉండేవో! ఆ గడి ఖాళీగా ఉండిపోయింది. దాన్ని ఎవరూ నింపలేరు.

రెండో సీజన్ షిల్లాంగ్‌లో. మళ్ళీ అవే రెండు జట్లు ఫైనల్‌కొచ్చాయి. ఈసారి పెనాల్టీ షూటౌట్లో రైజింగ్ స్టూడెంట్స్ పగ తీర్చుకుంది. మూడోది లూధియానాలో, మధురై జట్టు సేతు ఎఫ్‌సీ గెలిచింది. ఇందాక చెప్పిన బాలా దేవి 26 గోల్స్ ఈ సీజన్‌వే. 7 మ్యాచ్‌ల్లో 26 కొట్టి ఫైనల్లో ఓడిపోయింది ఆమె జట్టు. అంటే మ్యాచ్‌కి సగటున మూడున్నర పైమాటే. సబిత్రా సగటు మూడుకి కాస్త తక్కువ. లెక్క ప్రకారం చూస్తే బాలా దేవి పేరు చెప్పిన పాప మరీ తప్పు చెప్పలేదు.

(చప్పట్లు)

తర్వాత గోకులం కేరళ కాలం వచ్చింది. కోళికోడ్ క్లబ్బు. 2020 ఫిబ్రవరిలో బెంగళూరులో, మన పక్కనే, ఫైనల్. మణిపూర్ జట్టు క్రిఫ్సా మీద 3-2. రెండు గోల్స్ ఆధిక్యం పోగొట్టుకుని, 2-2 దగ్గర టెన్షన్ పడి, చివరి నిమిషాల్లో సబిత్రా గోల్‌తో బయటపడ్డారు. మరుసటి ఏడు కరోనా వల్ల లీగే జరగలేదు. 2022లో భువనేశ్వర్‌లో 12 జట్లతో పెట్టారు. గ్రూపులు లేవు, ఫైనల్ లేదు, అందరూ అందరితో ఆడాలి. గోకులం ఆడింది 11, గెలిచింది 11. డ్రా కూడా లేదు. ఘానా నుంచి వచ్చిన ఎల్షడ్డాయ్ అచియాంపాంగ్ 20 గోల్స్ కొట్టింది. 2023లో అహ్మదాబాద్‌లో ఫైనల్, బెంగళూరు జట్టు కిక్‌స్టార్ట్ మీద 5-0. వరసగా మూడు టైటిళ్ళు. అలా మూడు వరసగా గెలిచిన జట్టు ఇంకోటి లేదు.

గోకులం కథలో నన్ను బాగా కదిలించింది మాత్రం టైటిళ్ళు కాదు. వాళ్ళు ఆడని మ్యాచ్‌లు.

2021లో గోకులం ఆసియా క్లబ్ పోటీలకి జోర్డాన్ పోయింది. మన దేశం నుంచి ఆ పోటీల్లో ఆడిన మొదటి మహిళా జట్టు. రెండు మ్యాచ్‌లు ఓడి, మూడోదాంట్లో ఉజ్బెకిస్తాన్ జట్టు బున్యోద్కర్‌ని 3-1తో ఓడించింది. మరుసటి ఏడు, 2022 ఆగస్టులో, మళ్ళీ అర్హత సాధించి ఉత్సాహంగా తాష్కెంట్‌లో దిగారు. వాళ్ళు అక్కడ దిగాక ఫిఫా మన ఆలిండియా ఫుట్‌బాల్ ఫెడరేషన్ని సస్పెండ్ చేసింది. ఫెడరేషన్ని నడపాల్సింది ఎన్నికైనవాళ్ళు, బయటివాళ్ళ జోక్యం ఉండకూడదు అన్నది ఫిఫా నియమం. ఇక్కడ ఎన్నికలు సమయానికి జరక్క కోర్టులు, కమిటీలు దాకా పోయింది వ్యవహారం. సస్పెన్షన్ అంటే మన దేశపు ఏ క్లబ్బూ అంతర్జాతీయ పోటీల్లో ఆడకూడదు. బూట్లూ జెర్సీలూ సర్దుకుని పోయిన అమ్మాయిలు తాష్కెంట్ హోటల్లో కూచుని ప్రధానమంత్రికి విజ్ఞప్తి పెట్టుకున్నారు. పది రోజుల తర్వాత, ఆగస్టు 26న, సస్పెన్షన్ ఎత్తేశారు. అప్పటికే ఆలస్యమైపోయింది. ఒక్క మ్యాచ్ ఆడకుండా తిరిగొచ్చారు. అదే ఏడు 11కి 11 గెలిచిన జట్టు అది! ఢిల్లీలో ఎవరి కుర్చీ ఎవరిది అన్న తగాదాకి తాష్కెంట్‌లో ఆడపిల్లల సీజన్ పోయింది. రికార్డు పుస్తకంలో ఈ సంగతి ఉండదు, ఆ ఏడు దగ్గర ఖాళీ మాత్రమే ఉంటుంది.

మళ్ళీ మ్యాచ్‌ల గడి దగ్గరికొద్దాం. 2023 దాకా మన లీగ్ ఎట్లా జరిగేదంటే, అన్ని జట్లనీ ఒక ఊరికి తీసుకొచ్చి, రెండు మూడు రోజులకొక మ్యాచ్ చొప్పున నెల, నెలన్నరలో ముగించేసేవాళ్ళు. 2022-23 సీజన్ ఏప్రిల్ ఆఖరున మొదలై మే మూడో వారంలో ముగిసింది, అదీ అహ్మదాబాద్ ఎండల్లో. ఎండ గురించి మనకొకరు చెప్పాలా! పదహారు జట్లు. వాటిలో ఏడాదంతా ప్రాక్టీస్ చేసే జట్లు కొన్ని, లీగ్ ఉందని తెలిశాక నెల ముందు పోగైన జట్లు కొన్ని. వీళ్ళకీ వాళ్ళకీ పడితే ఏమవుతుంది? ఎనిమిది, పది, అంతకన్నా ఎక్కువ గోల్స్ పడతాయి. గోల్స్ కొట్టిన పాపకి రికార్డు వస్తుంది, గోల్స్ తిన్న గోల్‌కీపర్ మళ్ళీ గ్లవుజులు ముట్టుకోదు. ఆ 29లో సబిత్రా ప్రతిభ ఎంత ఉందో, ఎదుటి జట్ల లేమి కూడా అంత ఉంది.

2023-24లో పద్ధతి మారింది. జట్లని ఏడుకి కుదించి, సొంత ఊళ్ళో ఒకటి, ఎదుటివాళ్ళ ఊళ్ళో ఒకటి ఆడాలన్నారు. డిసెంబర్ నుంచి మార్చి దాకా నడిచింది. ఒక్కో జట్టుకి 12 మ్యాచ్‌లు. ఆ సీజన్ టాప్ స్కోరర్ ఉగాండా అమ్మాయి ఫాజిలా ఇక్వాపుట్. గోకులమే. ఎన్ని కొట్టింది? 13. వెనకటేడాది 29 ఉన్నచోట 13. పేపర్లో అంకె చూసినవాళ్ళు లీగ్ దిగజారిపోయింది అనుకుంటారు. నాకైతే ఆ 13 చూశాక లీగ్ లీగ్‌లా మారింది అనిపించింది. డిఫెండర్లు ఆడితేనే కదమ్మా స్ట్రైకర్‌కి గోల్స్ తగ్గేది! ఆ ఏడు టైటిల్ ఒడిశా ఎఫ్‌సీది. ఆ జట్టు కోచ్ క్రిస్పిన్ ఛెత్రీ తర్వాత భారత జట్టు కోచ్ అయ్యాడు.

పోయిన సీజన్లో, 2024-25లో, జట్లు ఎనిమిది, మ్యాచ్‌లు 14. ఫాజిలా మళ్ళీ టాప్, ఈసారి 24 గోల్స్. నన్నడిగితే ఐడబ్ల్యూఎల్‌లో ఇప్పటిదాకా ఇదే అసలైన రికార్డు. బస్సులో, రైల్లో, విమానంలో ఊళ్ళు తిరుగుతూ, ఎదుటివాళ్ళ మైదానంలో, వాళ్ళ జనం ముందు కొట్టిన 24 ఇది. మీరు ఒప్పుకోకపోయినా పర్లేదు, ప్రశ్నల టైములో గొడవ పడదాం.

అయినా టైటిల్ గోకులానికి రాలేదు. ఈస్ట్ బెంగాల్ గెలిచింది. ఏప్రిల్ 11న కోల్‌కతా దగ్గర కల్యాణిలో ఒడిశా మీద 1-0. ఆ ఒక్క గోల్ కొట్టింది సంగీతా బాస్ఫోర్, మిడ్‌ఫీల్డర్. ఈస్ట్ బెంగాల్ ఎంత పెద్ద క్లబ్బో మీకు తెలుసు. ఆ క్లబ్బు మగవాళ్ళ జట్టు జాతీయ లీగ్ ఆఖరిసారి గెలిచింది 2003-04లో. ఇరవై ఏళ్ళు పైగా ఎదురుచూసిన ఆ క్లబ్బుకి జాతీయ లీగ్ టైటిల్ తెచ్చిపెట్టింది ఆడపిల్లలు. కోచ్ ఆంథనీ ఆండ్రూస్. గోకులంతో రెండు, ఈస్ట్ బెంగాల్‌తో ఒకటి, మొత్తం మూడు టైటిళ్ళు ఈయన ఖాతాలో ఉన్నాయి. ఈ వారమే ఆ జట్టు కంబోడియాలో ఆసియా క్లబ్ పోటీల తొలి రౌండు ఆడుతోంది. ఫోన్లో స్కోరు చూసుకోండి, ఇప్పుడు కాదు, నేను దిగాక.

సంగీత పేరు గుర్తుపెట్టుకోండి. జూలై 5న థాయిలాండ్‌లో, చియాంగ్ మాయ్‌లో, థాయ్ జట్టు సొంత గడ్డ మీద భారత్ 2-1తో గెలిచింది. ఆ రెండు గోల్సూ ఆమెవే. ఆ గెలుపుతో మన జట్టు వచ్చే ఏడు ఆస్ట్రేలియాలో జరిగే ఆసియా కప్‌కి పోతోంది. క్వాలిఫయింగ్ ఆడి గెలిచి పోవడం ఇదే మొదటిసారి. గ్రూపులో జపాన్, వియత్నాం, చైనీస్ తైపీ. మొన్న ఈ నెల పదో తేదీన మన అండర్-20 అమ్మాయిలు కూడా మయన్మార్ మీద 1-0తో గెలిచి తమ ఆసియా కప్‌కి అర్హత సాధించారు. సంగీత పేరు టాప్ స్కోరర్ల పట్టికలో ఎక్కడా కనిపించదు. ఒకే ఏడాదిలో ఒక గోల్‌తో క్లబ్బుకి లీగ్, రెండు గోల్స్‌తో దేశానికి ఆసియా కప్. మిడ్‌ఫీల్డ్‌లో ఆడే పాపలు ఎవరైనా ఉంటే చేతులెత్తండి. చూశారా, మీకూ ఒక రికార్డు దొరికింది.

తెలుగువాళ్ళ సంగతేమిటని మీరు అడక్కముందే చెప్తాను. ఐడబ్ల్యూఎల్ విజేతల పట్టికలో తెలుగు క్లబ్బు పేరు లేదు. మనిషి మాత్రం ఉంది. సౌమ్య గుగులోత్, నిజామాబాద్ జిల్లా అమ్మాయి. 2022లో జ్యోతి చౌహాన్‌తో కలిసి క్రొయేషియా పోయి డైనమో జాగ్రెబ్‌కి ఆడింది. పోయిన సీజన్లో ఈస్ట్ బెంగాల్‌కి 9 గోల్స్ కొట్టింది, భారత అమ్మాయిల్లో అదే ఎక్కువ. ఫెడరేషన్ వాళ్ళు ఈ ఏడు ఉత్తమ క్రీడాకారిణి అవార్డు ఆమెకే ఇచ్చారు. తెలుగు మాట్లాడే పిల్ల దేశంలోకెల్లా ఉత్తమ ఫుట్‌బాలర్ అయితే, మనూళ్ళో ఒక్క ఫ్లెక్సీ కూడా కనిపించలేదు నాకు. ఎవరెవరి పుట్టినరోజులకో కట్టేస్తాం.

(నవ్వులు, చప్పట్లు)

విదేశాల మాట వచ్చింది కాబట్టి గబగబా రెండు పేర్లు. బాలా దేవి 2020లో స్కాట్లాండ్ క్లబ్బు రేంజర్స్‌కి పోయింది. ఐరోపాలో ప్రొఫెషనల్ కాంట్రాక్టు మీద ఆడిన మొదటి భారత మహిళ. పంజాబ్ అమ్మాయి మనీషా కల్యాణ్ సేతుకి, గోకులానికి ఆడి, 2022లో సైప్రస్ క్లబ్బు అపోలోన్‌తో యూరప్ చాంపియన్స్ లీగ్‌లో దిగింది, అందులో ఆడిన మొదటి భారత అమ్మాయి ఆమే. ఇద్దరికీ మెట్టు ఐడబ్ల్యూఎల్లే.

ఇంట్లో అమ్మానాన్న అడిగే ప్రశ్న ఒకటుంటుంది, దీంట్లో ఏం వస్తుంది అని. 2023లో ఫెడరేషన్ ఒక నిర్ణయం తీసుకుంది. లీగ్‌లోని క్లబ్బులు కనీసం 10 మంది భారత అమ్మాయిలకి ఏడాదికి 3.2 లక్షలకి తగ్గకుండా కాంట్రాక్టు ఇవ్వాలని. నెలకి ఇరవై ఆరు వేల చిల్లర. గొప్ప జీతం అనను. కానీ తొలి సీజన్లో మూడు వారాలైనా ఆడకుండా ఇంటికొచ్చిన పిల్లలకి ఇలాంటి మాట చెప్పినవాళ్ళు కూడా లేరు. సంగీత లాంటి వాళ్ళు చాలామంది పోలీస్, రైల్వే, సశస్త్ర సీమా బల్ ఉద్యోగాలు చేస్తూనే ఆడుతున్నారు.

మన రాష్ట్రంలో స్పోర్ట్స్ కోటా ఇప్పుడు 3 శాతం అయింది. మొన్నటి మెగా డీఎస్సీలో ఆ కోటా కింద టీచర్ పోస్టులు ఉన్నాయని మీకు తెలిసే ఉంటుంది, మీలో కొందరి అక్కలు అప్లయ్ చేసి ఉంటారు. అక్కడ మీరు ఎంత బాగా ఆడారో ఎవరూ చూడరు. కాగితం చూస్తారు.

ఇక్కడ మన ఊరి లోపం చెప్పాలి. అనంతపురంలో మైదానాలకి కొదవ లేదు. ఆర్డీటీ, అంటే రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్ వాళ్ళ స్పోర్ట్స్ విలేజ్ ఉంది, పచ్చగడ్డి మైదానాలున్నాయి, పల్లెల నుంచి వచ్చిన ఆడపిల్లలు అక్కడ ఏళ్ళ తరబడి ఫుట్‌బాల్ ఆడుతున్నారు. 2018లో ఈ జిల్లా అమ్మాయిలు స్పెయిన్ పోయి డొనోస్టి కప్‌లో ఆడొచ్చారు. ఇంత ఉండి కూడా, జిల్లాలో ఎవరు ఎన్ని మ్యాచ్‌లు ఆడారు, ఎన్ని గోల్స్ కొట్టారు అంటే చెప్పే పుస్తకం ఎక్కడుంది? ఇంటర్ కాలేజ్ ఫైనల్ అవుతుంది. 3-1 అని ఒక తెల్లకాగితం మీద రాసుకుంటారు. ఆ మూడు ఎవరు కొట్టారు? తెలీదు. కప్పు పట్టుకుని ఫోటో దిగుతారు, వాట్సాప్‌లో పెడతారు, ఫోన్ మార్చాక ఆ ఫోటో కూడా పోతుంది. సర్టిఫికెట్ మీద విన్నర్ అనో, రన్నర్ అనో ఒక్క మాట. అంతే.

ఇదిగో, నా చేతిలో ఒక షీట్ ఉంది. ముందు వరసకి ఇస్తాను, వెనక్కి పంపండి. ఇందులో మొదటి గడి నిమిషం. గోల్ ఏ నిమిషంలో పడిందో. రెండోది జెర్సీ నంబర్. మూడోది పేరు, ఇంటిపేరుతో సహా, ఆధార్‌లో ఎలా ఉందో అలాగే. ఇద్దరు లక్ష్మీప్రసన్నలు ఒకే టీమ్‌లో ఉంటారు మన దగ్గర, తర్వాత ఎవరి గోల్ ఎవరిదో తేలదు. నాలుగోది ఎలా పడింది: హెడరా, పెనాల్టీయా, కార్నర్ నుంచా. ఐదోది పాస్ ఎవరిచ్చారు. రెఫరీ రిపోర్టులో ఈ ఐదోది సాధారణంగా ఉండదు, కాబట్టి మీ టీమ్ మేనేజరే రాసుకోవాలి. సెల్ఫ్ గోల్ విషయంలో గొడవలు వస్తాయి. కొట్టిన బంతి గోల్‌లోకే పోతుంటే మధ్యలో డిఫెండర్‌కి తగిలి లోపలికి పోయిందనుకోండి, అది కొట్టిన అమ్మాయి గోలే. బయటికి పోయే బంతిని డిఫెండర్ తన్ని లోపలేసుకుంటేనే సెల్ఫ్ గోల్. కింద రెఫరీ సంతకం, తేదీ. సంతకం లేని షీట్ ఎందుకూ పనికిరాదు.

ఇంకోటి, మీకు సీఆర్‌ఎస్ నంబర్ ఉందా? ఫెడరేషన్ ఆన్‌లైన్ రిజిస్ట్రేషన్ అది. ఏ క్లబ్బుకి ఆడినా మీ పేరు అందులో ఎక్కాలి. ఉన్నవాళ్ళు చేతులెత్తండి. అంతేనా? మీ పీడీ మేడమ్ ఇటు చూస్తున్నారు, ఆమెకి అర్థమైపోయింది.

నాది అయిపోయింది. ఇక మీరు అడగండి.

(ఒక విద్యార్థిని: "మేడమ్, అన్నీ గోల్స్ గురించే చెప్పారు. గోల్‌కీపర్లకి రికార్డులు లేవా?")

నువ్వు కీపరే కదా? చేతులు చూస్తేనే తెలుస్తోంది. ఉంటాయమ్మా, క్లీన్ షీట్లు, అంటే ఒక్క గోలూ తినని మ్యాచ్‌లు లెక్కపెడతారు. ఈ ఏడు ఫెడరేషన్ ఉత్తమ గోల్‌కీపర్ అవార్డు పంథోయి చానుకి వచ్చింది, ఈస్ట్ బెంగాల్ కీపరే. అదితి చౌహాన్ పేరు వినే ఉంటావు. 2015లో ఇంగ్లండ్ పోయి వెస్ట్ హామ్‌కి ఆడింది, తర్వాత గోకులం తొలి టైటిల్ జట్టుకి కీపర్. పోయిన నెలే రిటైరయింది. అయితే మ్యాచ్‌ల గడి సంగతి కీపర్‌కి ఇంకా ఎక్కువ వర్తిస్తుంది. బలమైన జట్టు కీపర్‌కి మ్యాచంతా రెండు బంతులే వస్తాయి, క్లీన్ షీట్ వచ్చేస్తుంది. బలహీనమైన జట్టు కీపర్ పదిహేను ఆపి మూడు వదిలితే ఓడినట్టు రాస్తారు. అందుకే ఆ షీట్ వెనకాల ఇంకో గడి గీసుకో. ఎన్ని ఆపావో రాయించుకో.

(ఇంకో విద్యార్థిని: "అనంతపురం నుంచి ఐడబ్ల్యూఎల్‌కి ఎట్లా పోవాలి మేడమ్?")

మంచి ప్రశ్న. ఐడబ్ల్యూఎల్ కింద ఐడబ్ల్యూఎల్-2 ఉంది, దాని కింద రాష్ట్రాల లీగులు. నేరుగా పైకి ఎవరూ తీసుకోరు. ముందు జిల్లా జట్టు, తర్వాత రాష్ట్ర జట్టుకి సెలక్షన్, ఆ జాతీయ పోటీల్లో క్లబ్బుల కోచ్‌లు వచ్చి చూస్తారు. ఇంకో దారి, మనకి బెంగళూరు దగ్గర. పొద్దున రైలెక్కితే మధ్యాహ్నానికి అక్కడుంటాం. అక్కడి క్లబ్బులు ట్రయల్స్ పెడతాయి, వాటి సోషల్ మీడియా పేజీల్లో తేదీలు పెడతారు, చూస్తూ ఉండండి. డబ్బులడిగి ట్రయల్స్‌కి రమ్మనే ఏజెంట్లని నమ్మొద్దు, ముందు మీ పీడీ మేడమ్‌కి చూపించండి. పోయేటప్పుడు ఆధార్, పుట్టిన తేదీ సర్టిఫికెట్, సీఆర్‌ఎస్ నంబర్, ఇందాకటి షీట్లు ఒక ఫైల్లో పెట్టుకోండి. ఇంట్లో ఒకరిని వెంట తీసుకుపోండి. ఇంకా, ట్రయల్స్ ఉన్నాయి కదా అని కొత్త బూట్లు కొనుక్కుని పోవద్దు, పావుగంటకే కాళ్ళు బొబ్బలెక్కుతాయి. ప్రాక్టీస్‌లో వేసుకునే పాతవే వేసుకోండి.